కాటా మీద అంకె మన ఆరోగ్యం మొత్తం చెబుతుందా?

(సమాఖ్య వార్షిక మహాసభలో విజయపురి సౌత్ సంఘాల తరఫున చేసిన ప్రసంగం)



ఏటా ఈ సభలో పొదుపు ఎంత, అప్పు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత అని అంకెలు చదువుకుంటాం. ఈసారి మాకు ఇచ్చిన అంశం ఆరోగ్యం. మన దశసూత్రాల్లో ఆరోగ్యం కూడా ఒకటి కాబట్టి ఇది కూడా సంఘం లెక్కే అనుకుని మాట్లాడుతున్నాం.

ఈ మధ్య ఏ ఆరోగ్య శిబిరానికి పోయినా ముందు కాటా ఎక్కిస్తున్నారు. గోడకి ఆనించి ఎత్తు చూస్తున్నారు. చీటీ మీద బీఎంఐ అని ఒక అంకె వేసి, పక్కన నార్మల్ అనో, ఓవర్ వెయిట్ అనో, ఒబేసిటీ అనో రాస్తున్నారు. ఆ చీటీలు ఇంటికి తెచ్చుకున్నాక మా సంఘాల్లో రెండు రకాల మాటలు వినపడ్డాయి. "నాకు నార్మల్ అంట, ఇంక ఏ పరీక్షా అక్కర్లేదు" అనేవాళ్లు కొందరు. "అందరి ముందూ లావు అని చదివారు, మళ్లీ ఆ శిబిరం గడప తొక్కను" అనేవాళ్లు కొందరు. రెండు మాటల వల్లా నష్టం మనకే. ఇద్దరూ పరీక్షకి దూరమైపోతున్నారు. అందుకే ఈ అంకె ఏంటి, ఎక్కడ పుట్టింది, దాన్ని ఎంతవరకు నమ్మాలి అని మేము అడిగి తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాం.

ముందు లెక్క నేర్చుకుందాం. పదో తరగతి కూడా అక్కర్లేదు, ఫోన్లో ఉండే క్యాలిక్యులేటర్ చాలు. మన బరువు కేజీల్లో తీసుకోవాలి. ఎత్తు మీటర్లలో తీసుకుని, ఆ ఎత్తుని మళ్లీ ఆ ఎత్తుతోనే గుణించాలి. వచ్చినదానితో బరువుని భాగించాలి. ఉదాహరణకి ఒక అక్క ఎత్తు 150 సెంటీమీటర్లు, అంటే ఒకటిన్నర మీటరు. ఒకటిన్నరని ఒకటిన్నరతో గుణిస్తే 2.25. ఆమె బరువు 50 కేజీలైతే, 50ని 2.25తో భాగిస్తే 22.2. అదే ఆమె బీఎంఐ. అంతే. ఇందులో రక్తం లేదు, గుండె లేదు, వయసు లేదు, ఆడా మగా అని లేదు. బరువు, ఎత్తు రెండే ఉన్నాయి.

ఇక గీతలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 18.5 కంటే తక్కువైతే బక్క. 25 నుంచి అధిక బరువు. 30 నుంచి ఊబకాయం. మన దేశంలో డాక్టర్లు ఈ గీతలు ఇంకా కిందికి దించారు. 23 నుంచే అధిక బరువు, 25 నుంచే ఊబకాయం అంటున్నారు. అదే 150 సెంటీమీటర్ల అక్కని తీసుకోండి. 41 కేజీలు ఉంటే బక్క కింద లెక్క. దగ్గర దగ్గర 52 కేజీలు దాటితే మన దేశం లెక్కలో అధిక బరువు. 56 పైన ఊబకాయం. అదే ప్రపంచ లెక్కలో ఊబకాయం అనిపించుకోవాలంటే 67 కేజీలు దాటాలి. అంటే 58 కేజీలున్న మన అక్క ఒక పుస్తకంలో కాస్త బరువున్న మనిషి, ఇంకో పుస్తకంలో ఊబకాయం మనిషి. మనిషి అదే, ఒళ్లు అదే, తిండి అదే. మారింది గీత ఒక్కటే.

గీతలు ఇంతకుముందు కూడా మారాయి. 1998లో అమెరికాలో అధిక బరువు గీతని 27 దాటినచోటు నుంచి 25కి దించారు. ముందురోజు రాత్రి మామూలుగా పడుకున్న రెండు కోట్ల మందికి పైగా జనం తెల్లారేసరికి అధిక బరువు వాళ్లయిపోయారు. వాళ్లెవరూ ఆ రాత్రికి రాత్రి లావెక్కలేదు.

అసలు ఈ లెక్క డాక్టర్లు కనిపెట్టింది కాదు. బెల్జియం దేశంలో అడాల్ఫ్ కెటెలే అని ఒక గణితం పండితుడు ఉండేవాడు. నక్షత్రాలని చూసే శాస్త్రం కూడా చదువుకున్నవాడు. 1830ల్లో ఆయన జనం కొలతలన్నీ పోగేసి, సగటు మనిషి ఎలా ఉంటాడో చూద్దామని ఈ సూత్రం కట్టాడు. ఎవరికి జబ్బుందో చెప్పడానికి కట్టలేదు. తర్వాత 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్, ఆయనతోటి వాళ్లు దీనికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టారు. వాళ్లు ఐదు దేశాల్లో ఏడు వేలకు పైగా మనుషుల కొలతలు చూశారు. ఆ ఏడు వేల మందీ మగవాళ్లే. ఆ దేశాల్లో మన దేశం లేదు. కాన్పులు అయిన ఒళ్లు, గర్భసంచి ఆపరేషన్ అయిన ఒళ్లు, ముట్లు ఆగిపోయిన ఒళ్లు ఆ కొలతల్లో లేనే లేవు. ఈ రోజు మన చీటీల మీద పడే అంకె అక్కడినుంచి వచ్చింది.

ఇది విని, అయితే ఆ అంకె వట్టిదా అని అడుగుతారు. వట్టిది కాదు. మనకు తెలిసిన పనితోనే చెబుతాం. మన సంఘానికి గ్రేడు ఎలా ఇస్తారు? పొదుపు ఖాతాలో ఎంతుందో ఒక్కటే చూసి ఎ గ్రేడు ఇస్తారా? హాజరు చూస్తారు. సమావేశాలు వరుసగా జరిగాయా చూస్తారు. అంతర్గత అప్పులు తిరుగుతున్నాయా, వాయిదాలు కడుతున్నారా, పుస్తకాలు సరిగ్గా రాస్తున్నారా అని చూస్తారు. ఖాతాలో డబ్బు బాగానే కనపడి, లోపల అప్పులు మొండికేసిన సంఘాలని మనం చూశాం. ఖాతాలో తక్కువ ఉన్నా ఒక్క వాయిదా తప్పని సంఘాలనీ చూశాం. పొదుపు అంకె అబద్ధం చెప్పదు. దానికి తెలిసినంత చెబుతుంది. బీఎంఐ కూడా అంతే. బరువు ఎత్తుకి తగ్గట్టు ఉందా లేదా అన్నంతవరకు చెబుతుంది. ఆ బరువులో ఎముక ఎంత, కండ ఎంత, కొవ్వు ఎంత, ఆ కొవ్వు ఎక్కడ చేరిందో అది చెప్పలేదు.

కొవ్వు ఎక్కడ చేరింది అన్నదే మనకి అసలు సంగతి. తొడల దగ్గర, పిరుదుల దగ్గర చేరిన కొవ్వు అంత కీడు చెయ్యదంట. పొట్ట లోపల, పేగుల చుట్టూ, కాలేయంలో చేరే కొవ్వు చెడ్డది. అక్కడ కొవ్వు చేరితే ఇన్సులిన్ సరిగ్గా పని చెయ్యదు. రక్తంలో చక్కెర పెరుగుతుంది, బీపీ పెరుగుతుంది. చేతులు సన్నగా, కాళ్లు సన్నగా ఉండి, పొట్ట మాత్రం ముందుకొచ్చిన మనుషులు మన ఇళ్లలో ఎంతమంది లేరు? వాళ్లని మనం లావు అనం. కాటా కూడా అనదు. పైన పటారం లోన లొటారం అన్న సామెత ఇక్కడ సరిపోతుంది.

దీనికి ఒక మంచి ఉదాహరణ ఉంది. పుణెలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ గారు అని షుగర్ జబ్బు మీద పరిశోధన చేసే డాక్టరు. లండన్‌లో జాన్ యుడ్కిన్ గారు అని ఆయన స్నేహితుడు, ఆయనా డాక్టరే. 2004లో వీళ్లిద్దరూ లాన్సెట్ అనే పేరున్న వైద్య పత్రికలో తమ ఫొటో పక్కపక్కన వేసి, తమ లెక్కలు తామే బయటపెట్టారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. చీటీ మీద ఇద్దరూ నార్మల్. ఒంట్లో కొవ్వు కొలిస్తే లండన్ డాక్టరు గారికి 9.1 శాతం, మన పుణె డాక్టరు గారికి 21.2 శాతం. రెట్టింపు కన్నా ఎక్కువ. ఒకే అంకె వెనక రెండు వేరు వేరు ఒళ్లు. మన దేశంలో గీతని కిందికి ఎందుకు దించారో ఈ ఒక్క ఫొటో చూస్తే తెలిసిపోతుంది.

ఈ తేడా ఎక్కడ మొదలవుతుందో కూడా యాజ్ఞిక్ గారి బృందం చూసింది. పుణె చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన బిడ్డల్ని ఇంగ్లాండులో పుట్టిన బిడ్డలతో పోల్చారు. మన బిడ్డల బరువు సగటున 2.7 కేజీలు, వాళ్ల బిడ్డల బరువు 3.5 కేజీలు. మన బిడ్డల్లో కండ తక్కువ, అవయవాలు చిన్నవి, కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. అంటే తల్లి కడుపులో ఉండగానే ఒళ్లు బక్కగా, కొవ్వుగా తయారవుతోంది. తల్లికి తిండి చాలక బక్కగా పుట్టిన బిడ్డకి, పెద్దయ్యాక తిండి పెరిగి పని తగ్గితే షుగర్ త్వరగా వస్తుంది.

మన ఊరి కథ దీనికి దూరమేం కాదు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కి పునాదిరాయి వేసినప్పుడు, ఈ గట్టు మీద కాలనీ వెలిసింది ఆనకట్ట పని కోసం. రాయితో కట్టిన ఆనకట్ట అది. మన నాయనమ్మల తరం నెత్తి మీద తట్టలు మోసి కట్టారు. ఒక పూట తిని రెండు పూటల పని చేశారు. వాళ్ల కడుపున పుట్టిన వాళ్లం, వాళ్ల పిల్లలకి పుట్టిన వాళ్లం మనం. ఇప్పుడు మనలో కొందరు మిరప కోతలకి, పత్తి తీతలకి పోతున్నారు. కొందరు మిషను దగ్గర కూచుని కుడుతున్నారు, కొట్లో కూచుంటున్నారు, ఇంట్లోనే ఉంటున్నారు. రేషన్ బియ్యం అన్నం మూడు పూటలా కడుపునిండా ఉంది, నీళ్లు పంపులోకి వచ్చాయి. కష్టం తగ్గడం మంచిదే. కాకపోతే ఆకలికి అలవాటుపడిన ఒంటికి ఈ మార్పు తట్టుకోవడం కష్టం. అందుకే బక్కగా ఉన్నాం కదా అని ధైర్యంగా ఉండటానికి లేదు.

మా సంఘాల్లోనే జరిగింది చెబుతాం. మిరప కోతలకి పోయే ఒక అక్క. ఎత్తు 150, బరువు 44 కేజీలు. లెక్క వేస్తే 19.6, అచ్చంగా నార్మల్. ఒక శిబిరంలో బరువు చూసి, నీకేం ఫరవాలేదమ్మా పో అన్నారు. రక్తం తియ్యలేదు. ఆర్నెల్ల తర్వాత మడమకి ముల్లు గుచ్చుకుని పుండు పడింది. ఎన్ని రోజులైనా మానలేదు. అప్పుడు పరీక్ష చేస్తే పరగడుపు షుగర్ 240. ఆ సీజన్లో రెండు నెలల కూలి పోయింది. సంఘంలో మూడు వాయిదాలు ఆగాయి. మేమందరం కూచుని ఆమెకి అంతర్గత అప్పు ఇచ్చి, వాయిదాలు సర్దుబాటు చేశాం. ఇప్పుడు కాలు నయమైంది, మందులు వాడుకుంటోంది. ఆ రోజు ఒక్క చుక్క రక్తం తీసి ఉంటే ఈ నష్టం సగం కూడా ఉండేది కాదు.

ఇంకో వైపు కూడా చూద్దాం. అంకె ఎక్కువున్న వాళ్లందరూ జబ్బు మనుషులా? మన శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. ఆమె పోటీ చేసింది 69 కేజీల విభాగంలో. ఒక ఎత్తులో 110, ఇంకో ఎత్తులో 130, మొత్తం 240 కేజీలు ఎత్తింది. 69 కేజీల బరువు, ఐదడుగుల నాలుగంగుళాల ఎత్తు ఉన్న ఆడమనిషి ఎవరికైనా ఈ లెక్క వేస్తే 26 వస్తుంది. మన దేశం గీత ప్రకారం ఊబకాయం. ఆ బరువు కండ అయినా కొవ్వు అయినా కాటాకి ఒకటే.

కాటా మోసపోయే చోట్లు ఇంకా ఉన్నాయి. వయసు మీద పడ్డ అమ్మలకి కండ కరిగిపోయి దాని చోట కొవ్వు చేరుతుంది, బరువు మాత్రం అలాగే ఉంటుంది. నడుము వంగిపోయిన వాళ్లకి ఎత్తు తక్కువ వస్తుంది, దాంతో అంకె ఎక్కువ వస్తుంది. ఏటి అవతల నల్గొండ జిల్లా ఫ్లోరైడ్ ఊళ్లలో ఎముకలు వంగిన మనుషులకి ఎత్తు ఎలా కొలుస్తారు? గర్భిణికి ఈ లెక్క మామూలుగా వెయ్యకూడదు, బిడ్డ బరువు, నీటి బరువు కలిసిపోతాయి. ఒంటికి నీరు పట్టినవాళ్లకీ అంతే. చిన్నపిల్లలకి పెద్దవాళ్ల గీతలు పనికిరావు, వాళ్లకి అంగన్‌వాడీలో ఉండే ఎదుగుదల చార్టే చూడాలి.

అన్నిటికన్నా పెద్ద సంగతి రక్తహీనత. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత 2019 నుంచి 2021 వరకు జరిగింది. మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లని లెక్క తీస్తే నూటికి దగ్గర దగ్గర 15 మంది బక్క, 36 మంది అధిక బరువు. రెండూ కలిపితే 51. మిగిలిన 49 మంది బీఎంఐ ప్రకారం నార్మల్. అదే సర్వేలో రక్తం తక్కువున్న వాళ్లు నూటికి 59 మంది. ఇప్పుడు మీరే లెక్క చెయ్యండి. బక్కవాళ్లు, లావువాళ్లు 51 మందికీ రక్తం తక్కువే అనుకున్నా, ఇంకా ఎనిమిది మంది మిగులుతారు. వాళ్లు నార్మల్ చీటీ ఉన్నవాళ్లలోనే ఉండాలి. నిజంగా అయితే ఇంకా ఎక్కువమందే ఉంటారు, ఎందుకంటే లావుగా ఉన్న వాళ్లందరికీ రక్తం తక్కువ ఉండదు కదా. కాబట్టి నార్మల్ అని రాసిన చీటీ రక్తం గురించి ఒక్క మాట కూడా చెప్పడం లేదు. అలాగే లావుగా ఉన్న ఆమెకి రక్తం ఎందుకు తక్కువుంటుందిలే అనుకోవడం కూడా తప్పే. ఒంటికి అన్నం ఎక్కువై, ఇనుము తక్కువైన వాళ్లు మనలో చాలామంది.

ఇక్కడే ఇంకో ప్రమాదం ఉంది. లావు అని చీటీ రాగానే కొందరు రాత్రి అన్నం మానేస్తున్నారు, పొద్దున ఏమీ తినకుండా పనికి పోతున్నారు. మరికొందరు డబ్బాల్లో అమ్మే బరువు తగ్గే పొడులు నెలకి వేల రూపాయలు పోసి కొంటున్నారు. దానికోసం సంఘంలో అప్పు అడిగినవాళ్లు కూడా ఉన్నారు. అంకె తగ్గుతుంది, నిజమే. దాంతోపాటు కండ తగ్గుతుంది, రక్తం తగ్గుతుంది, పర్సు కూడా తగ్గుతుంది. కడుపు మాడ్చుకోవడం కన్నా కంచంలో అన్నం కుప్ప కాస్త తగ్గించి, పప్పు, ఆకుకూర, గుడ్డు, మన సాగర్ చేప పెంచుకోవడం మేలు. రోజూ అరగంట గబగబా నడవడం మేలు.

అలాగని బరువుని పట్టించుకోవద్దని మేము అనడం లేదు. ఒంటి మీద 20 కేజీలు ఎక్కువ మోస్తుంటే మోకాళ్లు అరుగుతాయి, బీపీ, షుగర్ వచ్చే అవకాశం పెరుగుతుంది. ఒక మనిషి బరువు ఆర్నెల్లలో కారణం లేకుండా పెరిగినా తగ్గినా అది గట్టి సంకేతం. పెద్ద జనాన్ని లెక్క తీయడానికి, ఏ జిల్లాలో బక్కవాళ్లు ఎక్కువ, ఏ జిల్లాలో లావువాళ్లు ఎక్కువ అని ప్రభుత్వం తెలుసుకోవడానికి ఈ లెక్క చవకగా, సులువుగా పనికొస్తుంది. ఒక్క మనిషి దగ్గరికి వచ్చేసరికి అది తలుపు దగ్గర పిలుపు మాత్రమే. లోపలికి పోయి చూడాల్సింది మిగిలే ఉంటుంది.

పెద్ద పెద్ద డాక్టర్లు కూడా ఇప్పుడు ఇదే అంటున్నారు. 2025 జనవరిలో లాన్సెట్ పత్రిక తరఫున చాలా దేశాల నిపుణులు కూచుని, బీఎంఐ ఒక్కటే చూసి మనిషికి జబ్బు ముద్ర వెయ్యకూడదు, నడుము కొలత లాంటివి కూడా చూడాలి, అవయవాలు ఎలా పని చేస్తున్నాయో చూడాలి అని చెప్పారు. అదే నెలలో ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లతో కలిసి మన దేశం నిపుణులు ఇచ్చిన కొత్త సూచనల్లోనూ నడుము కొలతకి చోటిచ్చారు. మన ఆశా అక్కలు 30 ఏళ్లు దాటిన వాళ్ల ఇంటికొచ్చి నింపే ఫారం చూడండి. వయసు అడుగుతారు, పొగాకు, మందు అలవాట్లు అడుగుతారు, నడవడం, వ్యాయామం అడుగుతారు, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగర్, గుండెజబ్బు ఉందా అడుగుతారు, టేపుతో నడుము కొలుస్తారు. మార్కులు వేసేది వీటికే. అందులో బరువుకి మార్కు లేదు. ఆ ఫారం వచ్చినప్పుడు పని ఉంది తర్వాత రా అక్కా అని పంపించెయ్యకండి.

నడుము ఎలా కొలవాలో కూడా చెప్పుకుందాం. టైలరింగ్ చేసే అక్కల దగ్గర ఉండే టేపు చాలు. నిటారుగా నిలబడాలి. లంగా బొందు వదులు చెయ్యాలి, లేకపోతే బొందు కట్టిన చోటే కొలత వస్తుంది. కింది పక్కటెముకకి, తుంటి ఎముక పైఅంచుకి మధ్యన టేపు పెట్టాలి. పొట్ట లోపలికి లాక్కోకుండా, మామూలుగా గాలి వదిలాక చూడాలి. ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు దాటకూడదు. మగవాళ్లకి 90 సెంటీమీటర్లు. టేపు లేకపోతే ఇంకో ఉపాయం. మీ ఎత్తుకి సరిపడా పురికొస తెంచుకోండి. దాన్ని సగానికి మడవండి. ఆ సగం మీ నడుము చుట్టూ తిరిగి అంచులు కలిస్తే మంచిది. కలవకపోతే పరీక్షకి పోవాలి. అంకెలు రాని మా పెద్దమ్మలు కూడా ఇది చేసుకున్నారు.

టేపు తర్వాత మూడు పరీక్షలు. బీపీ 140 మీద 90 దాటితే డాక్టరుకి చూపించుకోవాలి. పరగడుపు షుగర్ 126 లేదా అంతకు మించి ఉంటే షుగర్ జబ్బు అని అనుమానించి మళ్లీ పరీక్ష చేయిస్తారు, 100 నుంచి 125 ఉంటే ముందు హెచ్చరిక. హిమోగ్లోబిన్ మామూలు ఆడవాళ్లకి 12, గర్భిణికి 11 కంటే తగ్గకూడదు. ఈ మూడూ ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. ఆ ఐదో విడత సర్వే ప్రకారమే మన రాష్ట్రంలో 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో నలుగురిలో ఒకరికి బీపీ ఎక్కువ, ఐదుగురిలో ఒకరికి షుగర్ ఎక్కువ. పది మంది సంఘంలో ఇద్దరు, ముగ్గురు ఉన్నారన్నమాట. ఎవరో తెలియాలంటే మొహం చూస్తే తెలియదు, కాటా చూసినా తెలియదు.

చివరిగా ఒక మాట మర్యాద గురించి. అప్పు ఎంతుందో సంఘంలో చదువుతాం, ఎందుకంటే అది అందరి డబ్బు. ఒళ్లు ఎవరిది వాళ్లది. శిబిరంలో బరువు గట్టిగా చదవడం, ఏనుగనీ పుల్లనీ ఎగతాళి చెయ్యడం మన సంఘాల్లో ఆగాలి. కొత్తగా పెళ్లయి వచ్చిన కోడళ్లని, కాన్పయిన బాలింతల్ని ఒంటి మీద మాటలనడం ఆగాలి. సిగ్గుపడి ఇంట్లో కూచున్న మనిషికి జబ్బు ముదిరాకే తెలుస్తుంది. అప్పుడు ఆసుపత్రి ఖర్చుకి వచ్చేది మళ్లీ సంఘం దగ్గరికే.

ఈ సభ ముందు మా సంఘాల తరఫున ఐదు తీర్మానాలు పెడుతున్నాం.

ఒకటి. ప్రతి సంఘం పెట్టెలో ఒక టైలరు టేపు ఉండాలి. ఆర్నెల్లకి ఒకసారి ఎవరి నడుము వాళ్లు కొలుచుకోవాలి.

రెండు. 30 ఏళ్లు దాటిన ప్రతి సభ్యురాలు, బక్కగా ఉన్నా లావుగా ఉన్నా, ఏడాదికి ఒకసారి బీపీ, షుగర్, హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవాలి. మిరప కోతలు మొదలవ్వకముందే అది పూర్తి కావాలి. సీజన్ మొదలైతే ఎవరికీ తీరదు.

మూడు. అంకెలు ఎవరి చిన్న పుస్తకంలో వాళ్లు రాసుకోవాలి. సంఘం మినిట్స్ పుస్తకంలో ఎంతమంది పరీక్ష చేయించుకున్నారన్నది మాత్రమే రాయాలి, ఎవరికి ఎంత వచ్చిందన్నది రాయకూడదు.

నాలుగు. షుగర్, బీపీ ఉందని తేలిన సభ్యురాలికి మందులకి, పరీక్షలకి అంతర్గత అప్పులో ముందు వరస ఇవ్వాలి. బరువు తగ్గే పొడులకి అప్పు ఇవ్వకూడదు.

ఐదు. మన సమాఖ్య ఆధ్వర్యంలో జరిగే ఏ శిబిరంలోనైనా బరువు చూసి పంపించెయ్యకుండా, నడుము, బీపీ, రక్తం కూడా చూడాలని ముందే అడగాలి. అడగడం మన హక్కు.

ఈ ఐదింటి మీద మీ సంఘాల్లో మాట్లాడి, వచ్చే సమాఖ్య సమావేశానికి మీ అభిప్రాయం తీసుకురావాలని కోరుతున్నాం.